గోళ్లలో వచ్చే మార్పులను పరిశీలించడం, తగిన సంరక్షణను ఎంచుకోవడం ఎలా?

గోరు పసుపు రంగుకు తిరిగినా, మందమైనా, అంచున పైకి లేచినా చాలామంది మొదట చేసే పని ఫంగస్ మందు కొని పూయడం. నిజానికి అలా రూపం చెడిన గోళ్లలో దాదాపు సగం మాత్రమే ఫంగస్ వల్ల చెడతాయి. మిగిలిన వాటికి దెబ్బ, బిగుతైన పాదరక్షలు, సొరియాసిస్ అనే చర్మవ్యాధి, నీటిలో అతిగా నానడం వంటి వేరే కారణాలు ఉంటాయి. కారణం తెలియకుండా మొదలుపెట్టిన మందును నెలల తరబడి వాడినా గుణం కనిపించదు. పైగా గోరు పెరిగే వేగమే తక్కువ కనుక మందు పనిచేయడం లేదన్న సంగతి కూడా ఆలస్యంగానే తెలుస్తుంది. అందుకే ఇక్కడ మందుల కన్నా పరిశీలనకే మొదటి చోటు ఇచ్చాను. గోటిని ఏ క్రమంలో చూడాలో, ఏ మార్పును నిశ్చింతగా వదిలేయవచ్చో, దేనికి ఇంటి సంరక్షణ సరిపోతుందో, దేని విషయంలో ఒక్క వారం కూడా ఆలస్యం చేయకూడదో వరుసగా చూద్దాం.

1. గోరు ఎక్కడ పుడుతుందో, ఎంత వేగంగా పెరుగుతుందో తెలుసుకోండి

మనకు కనిపించే గట్టి పలక కెరాటిన్ అనే ప్రోటీన్‌తో తయారైన నిర్జీవ పదార్థం. అది పుట్టేది మాత్రం సజీవ కణాలున్న చోట, అంటే గోటి మొదట్లో చర్మపు మడత కింద దాగి ఉన్న గోటి మూలంలో. బొటనవేలి గోటి మొదట్లో తెల్లగా అర్ధచంద్రాకారంలో కనిపించేది ఆ మూలంలో బయటపడిన కొద్ది భాగమే. పలక కింద గులాబీ రంగులో కనిపించేది గోటి కింది చర్మం. పలకకు, చర్మపు మడతకు మధ్య ఉండే సందును మూసి నీరు, సూక్ష్మజీవులు లోపలికి చేరకుండా కాపాడే పలుచని పొర క్యూటికల్.

ఈ మూడు చోట్లనూ గుర్తుపెట్టుకుంటే సగం పని పూర్తయినట్లే. పలక ఉపరితలంపై గుంటలు, గాడులు, గరుకుదనం కనిపిస్తే లోపం గోటి మూలంలో ఉందని అర్థం. పలక నునుపుగానే ఉండి రంగు మాత్రం మారినా, పలక కింది నుంచి ఊడి పైకి లేచినా లోపం సాధారణంగా గోటి కింది చర్మంలో ఉంటుంది. చుట్టూ వాపు, ఎరుపు, నొప్పి ఉంటే అది చర్మపు మడతకు వచ్చిన జబ్బు.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలి గోరు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. అంటే చేతి గోరు పూర్తిగా కొత్తది రావడానికి ఆరు నెలలు, కాలి బొటనవేలి గోరు రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. ఈ లెక్కతో గోటి మీది గుర్తు వయసును మీరే అంచనా వేయవచ్చు. చేతి గోటికి అడ్డంగా ఒక గాడి ఏర్పడి, అది క్యూటికల్ నుంచి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, దానికి కారణమైన సంఘటన రెండు నెలలకు కొంచెం ముందు జరిగి ఉంటుంది. ఇటువంటి అడ్డగాడులను 1846లో వర్ణించిన ఫ్రెంచ్ వైద్యుడు జోసెఫ్ బో పేరుతోనే వాటిని బో గీతలు అంటారు. అన్ని గోళ్ల మీదా ఒకే దూరంలో ఉంటే తీవ్రమైన జ్వరమో, పెద్ద జబ్బో, కీమోథెరపీయో గోటి మూలాన్ని కొన్నాళ్లు స్తంభింపజేసిందని తెలుసుకోవాలి. ఒక్క గోటి మీదే ఉంటే ఆ వేలికే దెబ్బ తగిలి ఉండవచ్చు. ఆ జబ్బు తగ్గిపోయి ఉంటే గాడికి విడిగా చికిత్స అక్కరలేదు, అది గోటితో పాటు ముందుకు జరిగి పోతుంది.

2. ఇరవై గోళ్లనూ ఒకే కూర్చోవడంలో పరిశీలించండి

నెయిల్ పాలిష్ ఉంటే పూర్తిగా తొలగించి, చేతులు, కాళ్లు సబ్బుతో కడిగి, బాగా తుడిచి ఆరనివ్వండి. పగటి వెలుతురులో కూర్చుని, బాధ పెడుతున్న గోటిని మాత్రమే కాకుండా మొత్తం ఇరవై గోళ్లనూ చూడండి. కాలి గోటి సమస్యతో వచ్చిన వ్యక్తికి చేతి గోళ్ల మీది సన్నని గుంటలను బట్టి సొరియాసిస్ బయటపడటం అరుదేమీ కాదు. వేళ్ల సందులను, అరికాళ్లను, మోచేతులను, తల మీది చర్మాన్ని కూడా అప్పుడే చూసుకోండి. గోటి జబ్బుకు ఆనవాలు చాలాసార్లు గోటికి బయట దొరుకుతుంది.

తర్వాత గోటిని పై నుంచి మెల్లగా నొక్కి వదలండి. నొక్కినప్పుడు మాయమై వదిలినప్పుడు తిరిగి వచ్చే తెల్లని పట్టీ గోటి కింది చర్మంలోని రక్తనాళాలకు సంబంధించినది. నొక్కినా మారని మచ్చ సాధారణంగా పలకలోనే ఉంటుంది. వేలిని పక్క నుంచి చూసి, గోరు చర్మం నుంచి బయటికి వచ్చే చోట కోణం ఎలా ఉందో గమనించండి (ఎందుకో 8వ భాగంలో తెలుస్తుంది). చివరగా ప్రతి గోటికీ దగ్గరగా, పక్కన మిల్లీమీటర్ల స్కేలు పెట్టి ఒక ఫోటో తీసి, తేదీతో భద్రపరచండి. గోటి విషయంలో జ్ఞాపకాన్ని నమ్ముకోకూడదు. నెలకోసారి తీసిన ఫోటో ముందు ఎంత మంచి జ్ఞాపకమైనా తేలిపోతుంది.

మార్పు ఎప్పుడు మొదలైంది, ఒక గోటికా పది గోళ్లకా, ఏ మందులు వాడుతున్నారు, చేతులు ఎంతసేపు నీటిలో ఉంటాయి, ఏ పాదరక్షలు వేసుకుంటున్నారు, మధుమేహం ఉందా అన్న ప్రశ్నలకు జవాబులు కూడా రాసి పెట్టుకోండి.

3. భయపడనవసరం లేని మార్పులను పక్కన పెట్టండి

చేతి గోళ్లపై చిన్న తెల్ల చుక్కలు కనిపించగానే కాల్షియం తగ్గిందని మాత్రలు మింగేవారున్నారు. ఆ చుక్కలకు కాల్షియంతో సంబంధం లేదు. గోటి మూలానికి ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బలు, క్యూటికల్‌ను గిల్లడం, గోళ్లు కొరకడం వంటివే వాటికి కారణం. వయసు పెరిగే కొద్దీ గోటి మొదలు నుంచి చివరి దాకా నిలువుగా వచ్చే సన్నని గీరలు కూడా జబ్బు కావు. బొటనవేలి గోటి మధ్యలో మెట్లు మెట్లుగా అడ్డగాడులు పడి ఉంటే, పక్క వేలితో ఆ గోటి మొదలును తెలియకుండానే రుద్దే అలవాటు ఉందేమో గమనించండి. అలవాటు మానితే, లేదా కొన్ని నెలల పాటు ఆ చోట చిన్న ప్లాస్టర్ వేసి ఉంచితే గోరు మామూలుగా పెరుగుతుంది.

చిన్న పిల్లల్లో చేయి, కాలు, నోటి పుండ్ల జబ్బు వచ్చి తగ్గిన ఒకటి రెండు నెలల తర్వాత గోళ్లు మొదలు నుంచి విడివడి ఊడిపోవడం తల్లిదండ్రులను హడలగొడుతుంది. గోటి మూలం కొన్నాళ్లు పని ఆపి మళ్లీ మొదలుపెట్టడమే ఇందుకు కారణం. కింద కొత్త గోరు అప్పటికే వస్తూ ఉంటుంది కనుక, ఊడే గోటిని లాగకుండా అంచులు కత్తిరిస్తే చాలు. పసిపిల్లల కాలి గోళ్లు చెంచాల్లా పల్లంగా ఉండటం కూడా చాలావరకు సహజమే.

గోటి అంచు పొరలు పొరలుగా చీలడం జబ్బుకూ అలవాటుకూ మధ్యలో ఉండే సమస్య. తడిసినప్పుడు ఉబ్బి, ఆరినప్పుడు ముడుచుకునే పలక రోజుకు పదిసార్లు అదే పని చేస్తే పొరల మధ్య పట్టు సడలుతుంది. అంట్లు, బట్టలు ఉతికేటప్పుడు రబ్బరు తొడుగులు, వాటి లోపల పలుచని నూలు తొడుగులు వేసుకోండి. చేతులు తుడుచుకున్న ప్రతిసారీ గోళ్లకు పెట్రోలియం జెల్లీ గానీ, చిక్కని మాయిశ్చరైజర్ గానీ రాయండి. అసిటోన్ ఉన్న పాలిష్ రిమూవర్లను తగ్గించండి. గోళ్లను పొట్టిగా ఉంచి, ఆకురాయితో ఒకే దిశలో సాపు చేయండి. బయోటిన్ అనే విటమిన్ మాత్రలను గురించి ప్రచారం ఎక్కువ, ఆధారాలు తక్కువ. పైగా ఎక్కువ మోతాదులో తీసుకున్న బయోటిన్ థైరాయిడ్, గుండెపోటు నిర్ధారణకు చేసే కొన్ని రక్తపరీక్షల ఫలితాలను తప్పుదోవ పట్టిస్తుందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. వాటిని వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు వైద్యునికి తప్పక చెప్పండి. జాగ్రత్తలు తీసుకున్నా అన్ని గోళ్లూ పెళుసుగానే ఉండి, అలసట కూడా ఉంటే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం మేలు.

4. మందంగా, పసుపుగా మారిన గోటికి కారణం నిర్ధారించుకున్నాకే చికిత్స మొదలుపెట్టండి

వాడుకలో పిప్పిగోరు అనే ఈ స్థితికి ఫంగస్ ప్రధాన కారణం. ఆ ఫంగస్‌లలో ఎక్కువగా కనిపించేది ట్రైకోఫైటన్ రూబ్రమ్ అనే జాతి. అది సాధారణంగా కాలి వేళ్ల సందుల్లోని పాయడంతో మొదలై, గోటి చివరి అంచు నుంచో పక్క నుంచో లోపలికి చేరి, పలకను పసుపుగా, గోధుమగా మార్చి, కింద పొడిలాంటి చెత్తను పోగుచేసి, క్రమంగా మొదలు వైపు పాకుతుంది. చేతి గోళ్ల కన్నా కాలి గోళ్లకు, అందులోనూ బొటనవేలికి, పిల్లల కన్నా పెద్దవారికి ఇది ఎక్కువ.

దీన్ని పోలినవి కనీసం మూడు ఉన్నాయి. సొరియాసిస్‌లో గోటి మీద సూదితో పొడిచినట్లు చిన్న గుంటలు, పలక కింద నూనె చుక్క పడినట్లు నారింజ రంగు మచ్చలు కనిపిస్తాయి. ఇటువంటి గోళ్లతో పాటు వేళ్ల కీళ్లు ఉదయం పూట బిగుసుకుపోతుంటే కీళ్ల సొరియాసిస్ కోసం త్వరగా చూపించుకోవాలి, ఎందుకంటే గోళ్ల మార్పులకూ ఆ కీళ్ల జబ్బుకూ దగ్గరి సంబంధం ఉంది. రెండోది పాదరక్షల ఒత్తిడి: రెండు కాళ్ల బొటనవేళ్లూ దాదాపు ఒకే తీరుగా మందమై, వేళ్ల సందులు మాత్రం శుభ్రంగా ఉంటే మొదట పాదరక్షలనే అనుమానించాలి. మూడోది పలక కేవలం పైకి లేవడం. పొడవు గోళ్లు తగిలి విరగడం, గోటి కింద పుల్లలతో తవ్వి శుభ్రం చేయడం, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వంటి మందులు వాడుతూ ఎండలో తిరగడం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం ఇందుకు కారణాలు కావచ్చు. లేచిన భాగాన్ని అంటుకుని ఉన్న మేరకు పొట్టిగా కత్తిరించి, పొడిగా ఉంచి, కింద తవ్వడం పూర్తిగా మానేయడమే దీనికి మొదటి చికిత్స. శుభ్రత పేరుతో చేసే ఆ తవ్వకమే గోటిని మరింత లేపుతుంది.

పైకి లేచిన గోటి కింద ఆకుపచ్చ లేదా నల్లపచ్చ రంగు వస్తే అది సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా విడుదల చేసే రంగు. లేచిన భాగాన్ని కత్తిరించి, ఒక వంతు తెల్ల వెనిగర్‌కు నాలుగు వంతుల నీరు కలిపి రోజుకు రెండుసార్లు కొద్ది నిమిషాలు ముంచి, ఆ తర్వాత బాగా ఆరబెడితే చాలామందికి తగ్గుతుంది. పలకకు పట్టిన రంగు మాత్రం గోరు పెరిగి పోయేదాకా ఉంటుంది.

ఫంగస్ అనే అనుమానం బలంగా ఉంటే పరీక్ష అడగండి. గోటి కింది పొడిని, వ్యాధి ఉన్న భాగానికీ ఆరోగ్యంగా ఉన్న భాగానికీ మధ్య సరిహద్దు దగ్గర నుంచి గీకి తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. అవసరమైతే కల్చర్ చేస్తారు, అంటే ప్రయోగశాలలో ఫంగస్‌ను పెంచి చూస్తారు, లేదా కత్తిరించిన గోటి ముక్కకు రంగు వేసి పరీక్షిస్తారు. అప్పటికే ఫంగస్ మందు పూస్తూ ఉంటే ఫంగస్ ఉన్నా పరీక్షలో దొరకకపోవచ్చు కనుక ఆ సంగతి ముందే చెప్పాలి. లక్షణాలు స్పష్టంగా ఉండి మొదటి పరీక్షలో ఏమీ దొరకకపోతే మరోసారి చేయించడం దండగ కాదు.

నిర్ధారణ అయితే, పెద్దవారికి వైద్యులు ఎక్కువగా ఇచ్చేది టెర్బినాఫిన్ మాత్ర. మామూలుగా రోజుకు 250 మిల్లీగ్రాములు, చేతి గోళ్లకు ఆరు వారాలు, కాలి గోళ్లకు 12 వారాలు. కాలేయం మీద ప్రభావం చూపే అవకాశం ఉన్నందున ముందు రక్తపరీక్ష చేస్తారు. ఇట్రాకొనజోల్ మరో మందు, కానీ గుండె వైఫల్యం ఉన్నవారికి పనికిరాదు, చాలా మందులతో కలిసి ఇబ్బంది పెడుతుంది. వీటిలో దేన్నీ సొంతంగా కొని వాడవద్దు. గోటిలో సగం కన్నా తక్కువ భాగం చెడి, మూలం దాకా పాకనప్పుడు సైక్లోపిరాక్స్, అమోరోల్ఫిన్ వంటి పూత మందులు ప్రయత్నించవచ్చు. సైక్లోపిరాక్స్‌ను రోజూ 48 వారాల దాకా వాడవలసి ఉంటుంది. ఇంత ఓపిక తమకు లేదని ముందే గ్రహించి, వైద్యునితో చర్చించి, మందు వాడకుండా గోటిని పొట్టిగా, పలుచగా ఉంచుకుంటే చాలునని నిర్ణయించుకోవడం కూడా ఆరోగ్యవంతులకు తప్పు కాదు. మధుమేహం ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు మాత్రం ఆ నిర్ణయం తీసుకోకూడదు.

మాత్రల కోర్సు ముగిసే నాటికి గోరు ఇంకా వికారంగానే ఉంటుంది. దాంతో మందు పని చేయలేదనుకుని నిరాశపడేవారు ఎక్కువ. చికిత్స మొదలుపెట్టే రోజున ఆరోగ్యకరమైన భాగం ముగిసే సరిహద్దు దగ్గర ఆకురాయితో పలక మీద చిన్న గీత గీయండి. గోరు పెరిగే కొద్దీ ఆ గీత ముందుకు జరుగుతుంది. చెడిన భాగం ఎప్పుడూ గీతకు ముందువైపే ఉండిపోతే మందు పనిచేస్తోంది. చెడు గీతను దాటి మొదలు వైపు పాకితే పనిచేయడం లేదు. తుది ఫలితాన్ని కాలి గోటి విషయంలో ఏడాది తర్వాతే నిర్ణయించాలి. ఈ జబ్బు తిరగబెట్టడం మామూలు కనుక వేళ్ల సందుల్లోని పాయడానికి కూడా చికిత్స చేయించుకోవాలి, మేజోళ్లు రోజూ మార్చాలి, చెమటతో తడిసిన బూట్లను పూర్తిగా ఆరాకే వేసుకోవాలి, నెయిల్ కట్టర్‌ను ఇతరులతో పంచుకోకూడదు.

5. గోరుచుట్టు వస్తే అది కొత్తదా, పాతదా అని మొదట తేల్చుకోండి

క్యూటికల్ పక్కన లేచిన చర్మపు పోగును లాగిన ఒకటి రెండు రోజుల్లో ఒక వేలికి ఎరుపు, వాపు, సలుపు వస్తే అది కొత్త గోరుచుట్టు. సాధారణంగా స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా దీనికి కారణం. చీము పట్టకముందే గోరువెచ్చని నీటిలో 15 నుంచి 20 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు వేలిని ముంచితే చాలావరకు తగ్గుతుంది. చర్మం కింద పసుపుగా చీము కనిపిస్తే సూదితో సొంతంగా పొడవకుండా వైద్యుని చేత తీయించుకోండి. చీము బయటికి పోతే నొప్పి ఆ పూటే తగ్గుతుంది. ఎర్రని చార చేతి మీదికి పాకినా, జ్వరం వచ్చినా, వేలి కొన కింది కండ బిగుసుకుపోయి ఉబ్బినా, మీకు మధుమేహం ఉన్నా ఆ రోజే వెళ్లాలి.

చీముకు బదులు గుంపుగా చిన్న నీటి పొక్కులు వచ్చి మంట ఎక్కువగా ఉంటే అది హెర్పీస్ వైరస్ పని కావచ్చు. నోటి పుండ్లున్న, వేలు చీకే పిల్లల్లో ఇది కనిపిస్తుంది. దీన్ని చీము అనుకుని కోస్తే గోరుచుట్టుపై రోకలిపోటే అవుతుంది, కనుక కోయకూడదు.

ఆరు వారాలు దాటినా తగ్గకుండా, పలు వేళ్లకు మొండిగా ఉబ్బరం ఉండి, క్యూటికల్ కనిపించకుండా పోతే అది పాత గోరుచుట్టు. దీనికి మూలం చేతులు ఎప్పుడూ తడిలో, సబ్బులో, రసాయనాల్లో ఉండటం. కాండిడా అనే శిలీంధ్రం అక్కడ దొరికినా అది చాలాసార్లు తర్వాత వచ్చి చేరినదే. అందువల్ల ఫంగస్ పూత కన్నా, వైద్యులు సూచించిన స్టెరాయిడ్ పూతను కొద్ది వారాలు వాడటం, తొడుగులతో చేతులను పొడిగా ఉంచడం ఎక్కువ ఫలితం ఇస్తాయి. క్యూటికల్ తిరిగి అతుక్కోవడానికి మూడు నెలలైనా పడుతుంది. అందాకా దాన్ని వెనక్కి నెట్టడం, కత్తిరించడం వద్దు.

6. గోరు పక్క చర్మంలోకి దిగితే

కాలి బొటనవేలి గోటి చివరి మూలను గుండ్రంగా, లోతుగా కత్తిరించినప్పుడు మిగిలిన చిన్న ముల్లు పెరుగుతూ చర్మంలోకి దిగుతుంది. ముందు వైపు ఇరుకుగా ఉండే బూట్లు దాన్ని మరింత లోపలికి తోస్తాయి. తొలి దశలో రోజుకు రెండుమూడుసార్లు గోరువెచ్చని నీటిలో పాదం ముంచి, మెత్తబడిన చర్మాన్ని గోటి అంచు నుంచి మెల్లగా పక్కకు జరిపి, గోటి మూల కింద చిన్న దూది పోగు ఉంచి రోజూ మార్చండి. వేళ్లకు చోటున్న పాదరక్షలు వేసుకోండి. గోటి మధ్యలో కోణంగా గాటు పెడితే అంచులు పైకి లేస్తాయన్న నమ్మకం వట్టిది; గోరు పెరిగేది మొదలు నుంచి, చివర పెట్టిన గాటు ఆ పెరుగుదలను మార్చలేదు. ఇకపై గోటిని తిన్నగా అడ్డంగా కత్తిరించి, మూలలను ఆకురాయితో మొద్దుగా చేస్తే చాలు.

చీము, పక్కన ఎర్రగా పెరిగిన మెత్తని కండ, నడవలేనంత నొప్పి ఉంటే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి గోటి పక్క అంచును మాత్రమే తీసి, ఆ అంచు మూలాన్ని ఫీనాల్ అనే రసాయనంతో కాల్చే చిన్న శస్త్రచికిత్స చేస్తారు. గోరంతా పీకించుకోవడం కన్నా ఇదే మంచిది, తిరిగి రావడం కూడా తక్కువ. మధుమేహం, కాళ్లకు రక్తప్రసరణ లోపం ఉన్నవారు ఈ ఇంటి ప్రయత్నాల జోలికే పోకూడదు.

7. నల్లని మచ్చను, నల్లని గీతను ఎప్పుడూ తేలికగా తీసుకోవద్దు

తలుపు సందులో వేలు నలిగినా, బూటు ఒరుసుకున్నా గోటి కింద రక్తం గడ్డకట్టి ఎర్రగా, ఊదాగా, తర్వాత నల్లగా కనిపిస్తుంది. నలిగిన గంటల్లోనే నొప్పి భరించలేనంతగా ఉంటే వైద్యులు గోటికి చిన్న రంధ్రం చేసి రక్తాన్ని వదులుతారు. గోరు చీలినా, వేలు వంకరపోయినా ఎక్స్‌రే అవసరం. రక్తపు మచ్చకు ఉన్న గట్టి ఆనవాలు అది ముందుకు జరగడం. నెల రోజుల తర్వాత తీసిన ఫోటోలో మచ్చకూ క్యూటికల్‌కూ మధ్య కొత్తగా శుభ్రమైన గోరు కనిపించాలి. కనిపించకపోతే, దెబ్బ తగిలిన జ్ఞాపకం ఎంత గట్టిగా ఉన్నా, చర్మవైద్యుని దగ్గరికి వెళ్లండి. జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోటి కింద 1977లో బయటపడిన మెలనోమా అనే క్యాన్సర్‌ను మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బగానే భావించారు; అది శరీరంలో వ్యాపించి 1981లో, 36 ఏళ్ల వయసులో ఆయన ప్రాణం తీసింది.

గోటి మొదలు నుంచి చివరి దాకా నిలువుగా ఉండే గోధుమ లేదా నల్లని గీత వేరే సంగతి. చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవారిలో పలు వేళ్లకు ఇటువంటి గీతలుండటం సర్వసాధారణం, వయసుతో అవి పెరుగుతాయి కూడా. కొన్ని మందుల వల్ల కూడా వస్తాయి. ఆందోళన కలిగించవలసింది ఒకే వేలికి, ముఖ్యంగా చేతి బొటనవేలికి, చూపుడువేలికి లేదా కాలి బొటనవేలికి పెద్ద వయసులో కొత్తగా వచ్చిన గీత. అది 3 మిల్లీమీటర్ల కన్నా వెడల్పుగా ఉన్నా, అంచులు మసకబారి రంగులు కలగలిసి ఉన్నా, మొదలు దగ్గర వెడల్పుగా చివర సన్నగా ఉన్నా, గోరు చీలుతున్నా, నలుపు చుట్టుపక్కల చర్మం మీదికి పాకినా ఆలస్యం చేయకండి. గీత మొదట్లో వెడల్పుగా ఉందంటే దాని పుట్టుక చోటు ఇటీవలి వారాల్లో పెరిగిందని అర్థం. చర్మం నల్లగా ఉన్నవారికి మెలనోమా రాదన్న అపోహ వదులుకోవాలి. వారిలో ఆ క్యాన్సర్ వచ్చినప్పుడు అరచేతులు, అరికాళ్లు, గోళ్ల కిందనే ఎక్కువగా వస్తుంది.

రంగు ఏమీ లేకుండా ఒకే గోటి కింద ఒక బిందువు దగ్గర విపరీతమైన నొప్పి, చల్లని నీరు తగిలితే మరింత పోటు ఉంటే అది గ్లోమస్ కణితి కావచ్చు. ఇది హాని చేయని చిన్న గడ్డే, కానీ దీన్ని ఏళ్ల తరబడి గుర్తించకపోవడం పరిపాటి. శస్త్రచికిత్సతో తొలగిస్తే నొప్పి పోతుంది.

8. శరీరంలోని జబ్బులకు ఆనవాళ్లను చూడండి, కానీ గోటిని బట్టే తీర్పు ఇవ్వకండి

రెండు చేతుల ఒకే వేలి గోళ్లను ఎదురెదురుగా ఆనించి పట్టుకోండి. మామూలుగా గోళ్ల మొదళ్ల మధ్య వజ్రాకారంలో చిన్న సందు కనిపిస్తుంది. ఆ సందు మూసుకుపోయి, వేలి కొనలు ఉబ్బి, గోళ్లు బోర్లించినట్లు వంగి ఉంటే ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల్లో దీర్ఘకాలపు చీము, కొన్ని గుండె జబ్బులు, పేగుల వాపు, కాలేయ వ్యాధుల కోసం పరీక్షలు అవసరం. దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు లియో షామ్రాత్ తన గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు తన వేళ్లలోనే ఈ మార్పును గమనించి, 1976లో ఈ పరీక్షను వర్ణించారు. పుట్టుకతో, వంశపారంపర్యంగా ఇలా ఉండేవారూ ఉంటారు. కొత్తగా వచ్చిందా అన్నదే ముఖ్యం.

పెద్దవారిలో చేతి గోళ్లు నీటి బొట్టు నిలిచేంత పల్లంగా మారితే ఇనుము లోపాన్ని చూడాలి. గోరంతా తెల్లబడి చివర సన్నని గులాబీ పట్టీ మాత్రమే మిగలడం కాలేయ వ్యాధుల్లో, సగం తెలుపు సగం గోధుమ కావడం దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బులో కనిపిస్తాయి. గోటి కింద పుల్ల గుచ్చుకున్నట్లుండే సన్నని ఎర్ర గీతలు ఒకటి రెండు ఉంటే చిన్న దెబ్బలే. పలు వేళ్లకు ఒకేసారి వచ్చి జ్వరం కూడా ఉంటే గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌ను తోసిపుచ్చాలి. అన్ని గోళ్లూ పసుపై, మందమై, పెరుగుదల ఆగిపోయి, కాళ్ల వాపు, దగ్గు తోడైతే ఊపిరితిత్తులను పరీక్షించుకోవాలి. ఇవన్నీ ఇతర లక్షణాలతో కలిపి చూడవలసిన సూచనలు. ఆరోగ్యంగా ఉన్న వ్యక్తి ఒక్క గోటి రంగును బట్టి కాలేయం చెడిందని నిద్ర మానుకోవడంలో అర్థం లేదు.

గోళ్లు పలుచబడి, నిలువునా చీలి, మొదలు దగ్గరి చర్మం గోటి మీదికి రెక్కలా పాకి అతుక్కుంటుంటే మాత్రం త్వరపడండి. అది చర్మానికీ గోళ్లకూ వచ్చే లైకెన్ ప్లానస్ అనే జబ్బు కావచ్చు. గోటి మూలం మీద మచ్చకట్టిన తర్వాత ఆ గోరు తిరిగి రాదు, కనుక చికిత్స ఫలితమంతా అది ఎంత ముందు మొదలైందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

9. వైద్యుని దగ్గరికి సిద్ధమై వెళ్లండి

పాలిష్, కృత్రిమ గోళ్లు తీసేసి వెళ్లండి, గోళ్లను ముందురోజే పూర్తిగా కత్తిరించుకోవద్దు. పరీక్షకు నమూనా మిగలాలి. తేదీలున్న ఫోటోలు, వాడిన పూతల పేర్లు, మాత్రల పేర్లు, మీ పని స్వభావం చెప్పండి. ఫంగస్ మాత్రలు రాస్తే ఏ పరీక్షను బట్టి రాశారో అడగడంలో తప్పు లేదు. చికిత్స మొదలైన మూడు నెలలకు ఫోటోలతో మళ్లీ వెళ్లి, సరిహద్దు కదలకపోతే అదే మందును పొడిగించే ముందు పరీక్షను తిరిగి చేయించమని కోరండి.

నల్లని గీతకో, ఎంతకూ మానని పుండుకో బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) అవసరమని చెబితే, ముక్కను గోటి మూలం నుంచి తీస్తారా, గోటి కింది చర్మం నుంచి తీస్తారా అని అడగండి. మూలం నుంచి తీసినప్పుడు గోరు ఆ చోట శాశ్వతంగా పలుచబడటమో, చీలడమో జరగవచ్చు. మెలనోమా అనుమానం ఉన్నప్పుడు ఆ నష్టాన్ని భరించి అయినా బయాప్సీ చేయించుకోవలసిందే. అనుమానం తక్కువగా ఉంటే, డెర్మోస్కోప్ అనే, పెద్దదిగా చూపే పరికరంతో చూసి, ఫోటో తీసి, మూడు నెలల తర్వాత మళ్లీ పోల్చి చూడటానికి వైద్యులు అంగీకరిస్తారేమో అడగవచ్చు.